తమ్ముడికి వ్యాను, అక్కకి నడక

మా అపార్ట్‌మెంటు వెనక ఒక బస్తీ ఉంది. హైదరాబాదులో ఏ అపార్ట్‌మెంటు వెనక చూసినా ఒకటి ఉంటుంది లెండి. పొద్దున్నే కాఫీ గ్లాసుతో బాల్కనీలో నిలబడి నేను రోజూ చూసే దృశ్యం ఒకటుంది. సందు మొదట్లో పసుపుపచ్చ స్కూలు వ్యాను ఆగుతుంది. టై, బూట్లు వేసుకున్న ఆరో తరగతి కుర్రాడు ఎక్కుతాడు. వాడి పుస్తకాల సంచీ, నీళ్ళ సీసా అంతవరకూ మోసుకొచ్చిన అక్క కిటికీలోంచి అందిస్తుంది. వ్యాను కదలగానే ఆ పిల్ల ఇంటికి పరుగెత్తి, బిందెలు నింపి, జడలు వేసుకుని, తన సంచీ తగిలించుకుని నడుచుకుంటూ వెళ్తుంది. తను చదివేది సర్కారు హైస్కూల్లో పదో తరగతి.

వాళ్ళమ్మ మా ఇంట్లో పనిచేస్తుంది. పిల్ల పేరు ఇక్కడ రాయడం లేదు. "పేపర్లో నా పేరొద్దాంటీ, క్లాసులో ఏడిపిస్తరు" అంది మరి.

"ఇద్దరూ నీ పిల్లలేగా, ఎందుకీ తేడా?" అని ఒకసారి వాళ్ళమ్మని అడిగాను. కొడుకు రేపు మమ్మల్ని చూసుకుంటాడనో, ఆడపిల్ల అత్తారింటికి పోయేదేగా అనో అంటుందనుకున్నాను. వాదించడానికి సిద్ధమై కూర్చున్నాను కూడా. ఆవిడ గిన్నెలు తోమడం ఆపకుండానే అంది: "ఇద్దరికి కట్ట పైసలేడున్నయమ్మా? పిలగానికి ఫీజు కట్టకపోతె బయట నిలబెడ్తరు. సర్కారు బడిల పోరిని ఎవ్వరు నిలబెట్టరు గద!"

నా దగ్గర జవాబు లేకపోయింది.

కిందటేడు దీపావళి వెళ్ళిన కొన్నాళ్ళకి ఆ పిల్ల వంటింటి గుమ్మంలో నిలబడి, "ఆంటీ, మా టీచరు అమ్మను తోలుకరమ్మన్నది. అమ్మ పోతే నాలుగిండ్ల పని ఆగుతది. మీరొస్తరా?" అంది. వెళ్ళాను. నిజం చెప్పొద్దూ, పదిహేనేళ్ళుగా ఈ పేటలో ఉంటున్నా ఆ గేటు దాటి లోపలికి అడుగు పెట్టడం అదే మొదలు.

మొదట నాకు కనిపించింది బెంచీలు. పదో తరగతి గదిలో అబ్బాయిలవి మూడు వరసలుంటే, అమ్మాయిలవి ఆరు. "అబ్బాయిలు రాలేదా ఇవాళ?" అన్నాను అమాయకంగా. లెక్కల టీచరు నవ్వారు. "వచ్చారండీ, ఉన్నదే అంతమంది. వీళ్ళ అన్నదమ్ములంతా ఆ సందు చివర ఇంగ్లీషు స్కూల్లో ఉన్నారు."

ఏటా పదో తరగతి ఫలితాలు రాగానే "బాలికలదే పైచేయి" అని పేపర్లన్నీ రాస్తాయి. నిజమే. తెలంగాణలో 2024లో అమ్మాయిలు 93.23 శాతం, అబ్బాయిలు 89.42 శాతం పాసయ్యారు. 2025లో అమ్మాయిలు 94.26, అబ్బాయిలు 91.32. చూసి సంతోషించి పేజీ తిప్పేస్తాం. ఆ గెలిచిన పిల్లల్లో ఎంతమంది ఇంట్లో డబ్బు పెట్టి చదివించింది వాళ్ళని కాక పక్కనున్న మగపిల్లాణ్ణో, అది ఏ పట్టికలోనూ ఉండదు.

ఎవరి పిల్లలు వీళ్ళంతా అని అడిగితే హెడ్మిస్ట్రెస్ గారు వేళ్ళమీద లెక్క చెప్పుకొచ్చారు. పాలమూరు నుంచి కూలికొచ్చినవాళ్ళ పిల్లలు, వాచ్‌మన్ల పిల్లలు, ఆటో నడిపేవాళ్ళ పిల్లలు, ఒడిశా, బీహార్ నుంచి వచ్చిన తాపీ పనివాళ్ళ పిల్లలు. ఇంట్లో కొందరిది లంబాడీ, కొందరిది హిందీ, కొందరిది ఉర్దూ. నగరంలో చాలాచోట్ల ఒకే ఆవరణలో తెలుగు మీడియం, ఉర్దూ మీడియం రెండూ నడుస్తాయి. 2022-23లో ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు మీడియం వచ్చింది. ఇచ్చిన పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు. పిల్లలు తెలుగు పేజీ చదివి అర్థం చేసుకుని, ఇంగ్లీషు పేజీ చూసి జవాబు రాస్తారట. మన అమ్మాయీ అంతే. తెలుగు కూడా రాని ఒడియా పిల్లాడు ఏ పేజీ చూడాలో మాత్రం నాకు తోచలేదు.

"మీ స్కూలు రిజల్టు ఎంతండీ?" అనడిగాను. అందరం మొదట అడిగే ప్రశ్న అదేగా. ఆవిడ ముఖం కాస్త ముడుచుకుంది.

"మీరు గురుకులాలతో పోలుస్తారు. వాళ్ళు అయిదో తరగతిలోనే ఎంట్రెన్సు పెట్టి పిల్లల్ని తీసుకుంటారు. మా దగ్గర చురుకైన పిల్ల కనిపిస్తే మేమే ఆ పరీక్ష రాయించి పంపిస్తాం. ప్రైవేటువాళ్ళు ఏరుకుంటారు. ఫీజు కట్టలేక మధ్యలో వచ్చినవాళ్ళని, ఊరు మారి వచ్చినవాళ్ళని, అందరూ వద్దన్నవాళ్ళని మేం తీసుకుంటాం. ఆ తర్వాత అందర్నీ ఒకే కొలతతో కొలుస్తారు."

కరోనా నాటి 2020, 2021 సంగతీ చెప్పారు. ప్రైవేటు బళ్ళు మానిపించి తెచ్చి చేర్చినవాళ్ళతో గదులు కిక్కిరిసిపోయాయట. నాలుగు డబ్బులు చేతిలో ఆడగానే మళ్ళీ కొందరు వెళ్ళిపోయారట. వెళ్ళినవాళ్ళలో ఎక్కువమంది ఎవరో నేను అడగలేదు. బెంచీలు చెప్తూనే ఉన్నాయి.

అలాగని తప్పంతా బయటివాళ్ళదేనని నేననను. 2017 నోటిఫికేషన్ తర్వాత రాష్ట్రంలో మళ్ళీ టీచర్ల నియామకాలు జరిగింది 2024లోనే. అప్పుడు 11,062 పోస్టులకు ప్రకటన ఇచ్చారు. ఆ ఏడేళ్ళలో లెక్కల టీచరు లేకుండా హైస్కూలు దాటిపోయిన పిల్లలకి ఎవరు సమాధానం చెప్తారు? నిర్బంధ విద్య చట్టం కూడా పద్నాలుగేళ్ళ దాకానే, అంటే ఎనిమిదో తరగతి వరకే. అసలు కష్టం మొదలయ్యే తొమ్మిది, పది తరగతుల ముందు అది ఆగిపోతుంది.

ఇక నన్ను పిలిపించిన పని. టీచరు హాజరుపట్టీ తీసి నా ముందు పెట్టారు. "తెలివైన పిల్లండీ. వచ్చినరోజు ముందు బెంచీలో కూర్చుంటుంది. కానీ చూడండి, జూన్ నుంచి ఇప్పటిదాకా ఇరవై ఆరు రోజులు రాలేదు."

నెలకి రెండేసి రోజులు వరసగా ఉన్న గైర్హాజరు ఎందుకో ఏ ఆడదానికీ విడమర్చి చెప్పనక్కర్లేదు. ఆ ఆవరణలో బాత్‌రూముకి తలుపుంది, గొళ్ళెం లేదు. నీళ్ళు ఉన్నరోజు ఉన్నట్టు. పదో తరగతి అమ్మాయిలు పొద్దున్నుంచి సాయంత్రం దాకా మంచినీళ్ళు తాగకుండా కూర్చోవడం అలవాటు చేసుకున్నారని టీచరే చెప్పారు.

మిగతా తేదీల మీద వేలు ఆడిస్తూ పోతుంటే నా వేలు ఒకచోట ఆగింది. ఆ తేదీ నాకు తెలుసు. మా ఆడపడుచు కుటుంబంతో దిగినరోజు. వాళ్ళమ్మకి జ్వరమొస్తే "పోనీ అమ్మాయిని పంపు, గిన్నెలవరకే" అన్నాను. దాని కింద మా అబ్బాయి పుట్టినరోజు. దసరా ముందు బూజులు దులిపిన రెండు రోజులు. మా అత్తగారి కంటి ఆపరేషనప్పుడు మూడు రోజులు, అవి కూడా వరసగా. కూర్చుని లెక్కపెట్టుకున్నాను. ఇరవై ఆరులో ఏడు రోజులు నావి.

పనికి డబ్బిచ్చాను, మధ్యాహ్నం అన్నం పెట్టాను, పాత చుడీదారు కూడా ఇచ్చాను. ఆ రోజుల్లో ఒక్కసారైనా "ఇవాళ నీకు బడి లేదా?" అని అడిగానా అని గుర్తు తెచ్చుకోడానికి ప్రయత్నించాను. అడగలేదు. కథల్లో ఇలాంటి ఇల్లాళ్ళని నేనే ఎన్నిసార్లు ఎద్దేవా చేశానో!

టీచరు నా ముఖం చూసి, "మీరు వాళ్ళమ్మకి గట్టిగా చెప్పండి" అన్నారు. "చెప్తానండీ" అని సంతకం చేసి వచ్చేశాను. బయట పిల్ల ఎదురుచూస్తోంది. దానికంతా తెలుసు. "టీచరేమన్నది?" అని మాత్రం అడిగింది.

ఇంటికొచ్చి వాళ్ళమ్మతో మాట్లాడాను. ఆవిడకి ఒంట్లో బాగోని రోజున మా గిన్నెలు మేమే తోముకుంటాం, జీతం కోయం అని చెప్పాను. మా వారు మొదట నవ్వి, తర్వాత స్క్రబ్బరు అందుకున్నారు. మిగిలిన మూడిళ్ళవాళ్ళతో కూడా మాట్లాడాను. ఒకావిడ సరేనంది. ఇద్దరు, "మీకేం, రచయిత్రులు" అన్నారు.

ఇప్పుడు సాయంత్రాలు ఆ పిల్ల మా డైనింగు టేబుల్ దగ్గర కూర్చుని లెక్కలు చేసుకుంటోంది. త్రికోణమితి దగ్గర నేను చేతులెత్తేశాను. నా డిగ్రీ బి.ఏ. కదా! తమ్ముడు కూడా వస్తాడు. ఇంగ్లీషులో ఎక్కాలు గడగడా అప్పజెప్తాడు. తప్పు పోయినచోట అక్క తెలుగులో దిద్దుతుంది.

మొన్న పరీక్షల టైంటేబుల్ కాయితం తెచ్చి, అడక్కుండానే మా ఫ్రిజ్ మీద అంటించింది. "ఈ తేదీల్ల మీ ఇంటికి ఎవరొచ్చినా నేను రాను ఆంటీ" అంది.

దగ్గరికెళ్ళి చూశాను. లెక్కల పరీక్ష రోజే మా మామగారి తద్దినం పడింది. వంటావిడకి ఇప్పుడే చెప్పి పెట్టాను.