కారు బేరంలో తొందర ఎవరిది?

గుంటూరు మిర్చి యార్డులో సరుకు కొనేవాడు ధర చెప్పేముందు కాయను పరీక్షిస్తాడు. టిక్కీ విప్పించి, చెయ్యి లోపలిదాకా పోనిచ్చి, అడుగున ఉన్న కాయ తీసి చూస్తాడు. రంగు చూస్తాడు, విరిచి చెమ్మ చూస్తాడు, తాలు ఎంత కలిసిందో అంచనా కడతాడు. తన సరుకును అలా కెలికినందుకు ఏ రైతూ నొచ్చుకోడు, అది బేరంలో భాగమని అందరికీ తెలుసు. అదే రైతు మిర్చో పత్తో అమ్మిన డబ్బుతో సెకండ్ హ్యాండ్ కారు కొనడానికి వెళ్లినప్పుడు మాత్రం బానెట్ ఎత్తమనడానికి మొహమాటపడతాడు. మెకానిక్‌ని తీసుకొస్తానంటే అమ్మేవాడు ఏమనుకుంటాడోనని వెనకాడతాడు. పాత కార్ల అమ్మకంలో ఒత్తిడి బతికేది ఈ మొహమాటం మీదే. దానికి ఊతం తొందర. కొనేవాడి చేతిలోంచి ఒక్క రోజు వ్యవధి లాగేసుకోగలిగితే చాలు, మిగతా పని దానంతటదే అయిపోతుంది. అందుకే ఆ ఒక్క రోజును ఎలా కాపాడుకోవాలన్నదే ఈ బేరంలో అసలు విషయం అంటాను.

పాత గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో డబ్బు ఏడాది పొడవునా రాదు. పత్తి తీతలు మొదలయ్యాక కొంత, మిర్చి యార్డుకు చేరాక కొంత, అంతే. ఆ నెలల్లో ఎవరి చేతిలో డబ్బు ఆడుతోందో అమ్మేవారికీ తెలుసు. ఆ డబ్బు విలువ ఎంతో ఒక లెక్క చూద్దాం. ధరలు పడిపోయి 2025 ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద మిర్చికి క్వింటాలుకు రూ. 11,781 ప్రకటించాల్సి వచ్చింది. ఆ ధరకు నాలుగు లక్షల కారు అంటే దాదాపు 34 క్వింటాళ్ల మిర్చి, అదీ పెట్టుబడి, కూలి తీసెయ్యకముందు. అంత కష్టం పోసి కొనే వస్తువు గురించి "బాబాయ్, ఇంకో పార్టీ దారిలో ఉంది, సాయంత్రానికి బండి ఉండదు, బయానా కొట్టేసి వెళ్లు" అన్న మాట మీద నిర్ణయం తీసుకోమనడం ఎంత అన్యాయమో వేరే చెప్పక్కర్లేదు.

ఈ మాటలు ఎందుకు పనిచేస్తాయో పరిశోధించినవారు ఉన్నారు. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ చాల్దీనీ, ఆయన సహచరులు 1978లో ప్రచురించిన అధ్యయనంలో విద్యార్థులను ఒక ప్రయోగానికి రమ్మని అడిగారు. ఉదయం ఏడింటికే రావాలని ముందే చెబితే మూడోవంతు మంది కూడా ఒప్పుకోలేదు. ముందు సరే అనిపించుకుని, ఆ తర్వాత వేళ చెబితే సగానికి పైగా ఒప్పుకున్నారు. ఒకసారి సరే అన్నాక మనిషి ఆ మాటకు కట్టుబడటానికే చూస్తాడు. కార్ల బేరంలో జరిగేది ఇదే. ముందు ఊరించే ధర చెప్పి తలూపిస్తారు. బయానా చేతులు మారాక టీవో (యాజమాన్య బదిలీ) ఖర్చులు, ఇన్సూరెన్సు, కమీషను, టైర్లు ఒక్కొక్కటే పైన వచ్చి పడతాయి. అప్పటికి మనసులో కారు ఇంటికి వచ్చేసి ఉంటుంది. కాబట్టి బయానా అన్నది బేరానికి మొదటి మెట్టు కాకూడదు, ఆఖరి మెట్టు కావాలి. అన్ని ఖర్చులూ కలిపి ఎంతవుతుందో ఒకే అంకెగా కాగితం మీద రాయించుకున్నాకే జేబులో చెయ్యి పెట్టాలి.

అయితే ఒక్క రోజు ఆగినంత మాత్రాన ఒరిగేదేముంది? చాలా ఉంది. అమ్మేవాడికి బండి లోపాలు తెలుసు, కొనేవాడికి తెలియవు. ఈ తేడా వల్ల మంచి బళ్లకు కూడా తగిన ధర పలకదనీ, చివరికి మంచి బళ్లు మార్కెట్లోంచి తప్పుకుంటాయనీ ఆర్థికవేత్త జార్జ్ అకెర్లాఫ్ 1970లోనే పాత కార్లనే ఉదాహరణగా తీసుకుని వివరించాడు. 2001లో ఆయనకు వచ్చిన నోబెల్‌కు ఆ పనే ఆధారం. ఒక్క రోజు పరీక్షతో ఆ తేడా చాలా తగ్గుతుంది. బండి నంబరు ఉంటే వాహన్ పోర్టల్లో గానీ ఎంపరివాహన్ యాప్‌లో గానీ ఎప్పుడు రిజిస్టరైంది, ఫైనాన్సు ఉందా, ఇన్సూరెన్సు, ఫిట్‌నెస్ ఎప్పటిదాకా ఉన్నాయి అన్నవి తెలుస్తాయి. సి-బుక్‌లో ఉన్న ఛాసిస్ నంబరు బండి మీద ఉన్నదానితో అక్షరం అక్షరం కలవాలి. ఫైనాన్సు ఉంటే అప్పిచ్చిన సంస్థ నుంచి ఎన్‌వోసీ, దాంతోపాటు ఫారం 35 చేతికి రావాలి, "క్లియర్ అయిపోయింది" అన్న మాట చాలదు. కంపెనీ సర్వీసు సెంటర్లో పాత బిల్లులు అడిగితే, ఏ ఏడాది మీటరు ఎంత తిరిగిందో బయటపడుతుంది. రీడింగు వెనక్కి తిప్పినవాళ్లు పాత బిల్లులను తిప్పలేరు.

నీళ్లలో మునిగిన బళ్ల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. ఇళ్ల ముందు నిలిపిన కార్లు, బైకులు వేల సంఖ్యలో మునిగాయి. అలా మునిగిన బళ్లు ఎక్కడైనా సరే బాగుచేయించి మళ్లీ రోడ్డెక్కుతాయి. అందులో తప్పులేదు, ఆ సంగతి చెప్పకుండా అమ్మడమే తప్పు. పైన పాలిష్ ఎంత మెరిసినా సీటుబెల్టును చివరిదాకా లాగితే బురద చార కనిపిస్తుంది. కాళ్ల కింద మ్యాటు ఎత్తితే వాసన తెలుస్తుంది. సీట్ల కింది బోల్టులకు తుప్పు ఉంటుంది. ఇవి చూడ్డానికి మెకానిక్ కూడా అక్కర్లేదు, కొంచెం వెలుతురు, ఎవరూ తొందరపెట్టని అరగంట చాలు. బయటి రాష్ట్రం బండి అయితే కాగితాల పని ఇంకా ఉంటుంది. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ బళ్ల మీద ఆంక్షలు రావడంతో అక్కడి కార్లు చౌకగా దొరుకుతాయన్నది నిజమే. కానీ అక్కడి ఆర్టీవో ఎన్‌వోసీ, ఇక్కడ కట్టాల్సిన పన్ను లెక్కలో చేరిస్తేనే ఆ చౌక ఎంతో తెలిసేది.

ఆగితే మంచి బండి చెయ్యిజారిపోతుంది కదా అనేవారున్నారు. జారిపోవచ్చు, కాదనను. అయితే రెండు నష్టాలూ సమానం కావు. మంచి బండి పోతే పోయేది కొన్ని రోజుల వెతుకులాట, గుంటూరులో దొరక్కపోతే ఒంగోలులోనో, విజయవాడ ఆటోనగర్లోనో అలాంటిదే మరొకటి దొరుకుతుంది. చెడ్డ బండి తగులుకుంటే పోయేది ఒక పంట డబ్బు. పైగా నిజంగా మంచి బండి ఉన్నవాడికి మెకానిక్ అంటే భయమెందుకు? చూపించడానికి ఒప్పుకోకపోవడమే ఆ బండి గురించి తెలిసిన మొదటి నిజం.

ఇంకో అభ్యంతరం దీనికంటే గట్టిది. మన దగ్గర మధ్యవర్తి చాలాసార్లు బావమరిదో, ఊరివాడో, కమీషన్ కొట్లో పరిచయమైనవాడో అవుతాడు. "మనవాడే, అనుమానించకు" అంటే కాదనడం కష్టం. బ్రోకర్లందరూ మోసగాళ్లు కాదు కూడా, మంచి పేరు కాపాడుకుంటూ ఏళ్లుగా ఆటో కన్సల్టెన్సీలు నడిపేవారున్నారు. కానీ మనవాడికి కూడా బండి లోపల ఏముందో తెలియకపోవచ్చు. పరీక్ష చేస్తే అతని మాట కూడా నిలుస్తుంది. "మా అబ్బాయి చూసి చెప్పాలన్నాడు", "ఇంట్లో ఒక మాట అడగాలి" అన్నవి మన ఊళ్లలో ఎవరినీ నొప్పించని మాటలు, అవి వాడుకోవచ్చు.

పాత బండి ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేటప్పుడు ఈ మొహమాటమే పెద్ద ప్రమాదం. ఖాళీ టీవో ఫారాల మీద సంతకాలు పెట్టి తాళాలు ఇచ్చేస్తారు. నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది, బండి ఎన్ని చేతులు మారినా రిజిస్ట్రేషన్ ఎవరి పేరున ఉందో ప్రమాద పరిహారం బాధ్యత వారిదేనని. మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం రాష్ట్రంలోని బండైతే అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో రవాణా శాఖకు తెలియజేయాలి. డీలరుకు ఇస్తున్నట్టయితే, 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న నిబంధనల కింద ఆయనకు రవాణా శాఖ ఇచ్చిన అధీకృత పత్రం ఉందేమో అడగాలి. ఉంటే, బండి అప్పగించినట్టు పోర్టల్లో నమోదయ్యాక బాధ్యత ఆయన మీదికి వెళుతుంది. కొన్న బండికి ఇన్సూరెన్సు కూడా 14 రోజుల్లో పేరు మార్పించుకోవాలి, లేకపోతే మన బండికి జరిగిన నష్టానికి క్లెయిము చిక్కుల్లో పడుతుంది.

చట్టం ఉందిగా, తర్వాత చూసుకోవచ్చు అనుకోవడం పొరపాటు. కొన్నాక మనసు మారితే కారు తిరిగిచ్చేసే హక్కు మన వినియోగదారుల చట్టంలో సాధారణ నియమంగా లేదు. లోపం దాచి అమ్మితే మాత్రం దారి ఉంది. వ్యాపారి దగ్గర కొన్నదైతే 2019 చట్టం కింద రెండేళ్లలోపు గుంటూరు, ఒంగోలు జిల్లా వినియోగదారుల కమిషన్‌లలో ఫిర్యాదు చేయవచ్చు, చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపైతే ఫీజు కూడా ఉండదు. సలహాకు 1915 నంబరు ఉంది. కానీ అక్కడ నిలబడాలంటే కాగితం ఉండాలి. "యాక్సిడెంటు కాలేదు, రీడింగు అసలుదే, సింగిల్ హ్యాండ్, డాక్టరుగారి బండి" అన్న మాటల్లో ఎన్నింటిని బయానా రసీదు మీద రాసి సంతకం పెట్టడానికి అమ్మేవాడు సిద్ధమో, డబ్బు ఇచ్చే ముందే అడగాలి.