చేపల తొట్టె ఎందుకు మళ్లీ కారింది?

చేపల తొట్టె మూల నుంచి నీరు కారుతున్నదనుకోండి. సిలికోన్ ట్యూబు తెచ్చి పాత పూత మీదే కొత్త పూత వేస్తాం. నాలుగు రోజుల్లో మళ్లీ కారడం మొదలవుతుంది! పొరపాటు ఎక్కడ జరిగింది?

సిలికాన్ వేరు, సిలికోన్ వేరు. సిలికాన్ ఒక మూలకం. ఇసుకలోనూ, గాజులోనూ ఆక్సిజన్‌తో కలిసి ఉంటుంది. సిలికోన్ మనిషి తయారుచేసిన పదార్థం. ఇందులో సిలికాన్, ఆక్సిజన్ పరమాణువులు ఒకదాని తరువాత ఒకటిగా పొడవాటి గొలుసులై ఉంటాయి.

ట్యూబులో ఉన్నప్పుడు సిలికోన్ మెత్తని ముద్ద. గాలిలోని తేమ తగలగానే గొలుసులు ఒకదానితో ఒకటి ముడిపడతాయి, గాజునూ పట్టుకుంటాయి. అప్పుడు చాలా రకాల సిలికోన్ నుంచి వెనిగర్ వాసన వస్తుంది. అది ఆ చర్యలో వెలువడే అసిటిక్ ఆమ్లం వాసన. గట్టిపడిన పాత పూతలో ముడులు ఎప్పుడో పడిపోయాయి. కొత్త సిలికోన్ పట్టుకోవడానికి దానిమీద చోటు దాదాపు ఉండదు. అందుకే అతుకు నిలవలేదు.

మరి పాతదాన్ని కరిగించి తీసేయవచ్చు కదా అంటారా? పంచదార కరిగిందంటే దాని అణువులు విడివిడిగా నీటిలో కలిశాయన్న మాట. సిలికోన్ గొలుసులు చేపల వలలా ముడిపడి ఉన్నాయి, విడిపోలేవు. వెనిగర్ పోసినా ఆ ముడులు ఊడవు. ఊడదీసిన చిన్న ముక్కను, మీ సైన్సు మాస్టారి సమక్షంలో, మంటకు దూరంగా, కిరోసిన్‌లో ఒక రోజు ఉంచి చూడండి. ఉబ్బుతుందే గాని కరగదు.

కాబట్టి గీకి తీయడమే మార్గం. చేపలను వేరే తొట్టెలోకి మార్చి, నీరు తీసేసి ఆరనివ్వాలి. లోపలి మూలల్లోని పూతనంతా పెద్దవాళ్లు కొత్త బ్లేడుతో, దాన్ని గాజుకు ఆనించి పట్టుకుని, గీకి తీయాలి. రెండు గాజు పలకల మధ్యనున్న అతుకును మాత్రం కోయకూడదు. తొట్టెను నిలబెట్టేది అదే. తరువాత స్పిరిట్‌లో తడిపిన గుడ్డతో గట్టిగా రుద్దాలి.

అంతా పోయిందో లేదో ఎలా తెలుస్తుంది? గాజు మీద నీళ్లు చిలకరించండి. శుభ్రమైన చోట నీరు పలుచగా పరుచుకుంటుంది. కంటికి కనిపించని సిలికోన్ పొర మిగిలిన చోట ముత్యాల్లా చుక్కలు కడుతుంది. అక్కడ మళ్లీ గీకాలి.

గాజు బాగా ఆరాక, బూజు మందు కలపని సిలికోన్‌తో కొత్త పూత వేయాలి. బూజు మందు చేపలకు హానికరం. ట్యూబు మీద రాసినంత కాలం ఆగి, వెనిగర్ వాసన పూర్తిగా పోయాకే నీళ్లు నింపాలి. ఆ తరువాతే చేపలు!