కోయ ‘పాడైన తెలుగు’ కాదు

ఇంటర్ భద్రాచలంలో చదివాను. అడవి అంచు ఊళ్ల నుంచి వచ్చిన ఫ్రెండ్స్ కోయలో మాట్లాడుకుంటే "పాడైన తెలుగులే అది" అని నవ్వేవాణ్ణి. తప్పు నాదే.

తెలుగు, గోండీ, గోండీకి బాగా దగ్గరైన కోయ, ఇవన్నీ దక్షిణ-మధ్య ద్రావిడ శాఖవి. అంటే కోయ తెలుగుకి కూతురు కాదు, తోబుట్టువు.

సాక్ష్యం అంకెల్లోనే ఉంది. పాత పుస్తకాల్లో ‘మూఁడు’ అని ఉంటుంది కదా, ఆ అరసున్న ఒకప్పుడు నిండుగా పలికేది. గోండీలో ఇప్పటికీ ‘మూండ్’. ఐదు, ఆరు అయితే సయ్యుంగ్, సారుంగ్. ఆ ‘స’ మూలభాషలోని ‘చ’కి గుర్తు. తెలుగు దాన్ని ఎప్పుడో వదిలేసింది.

మరి ఎప్పుడు విడిపోయాయి? ఫలానా తారీఖంటూ లేదు. ద్రావిడ కుటుంబం వయసు సుమారు 4500 ఏళ్లని 2018లో ఒక అధ్యయనం లెక్కగట్టింది. క్రీ.శ. 575 ప్రాంతపు కలమళ్ల శాసనం నాటికి తెలుగు విడి భాషే. ఆ మధ్యలో ఒక్కో శబ్దం మారుతూ దూరం పెరిగింది. ఆ ‘స’ కూడా కొన్ని గోండీ మాండలికాల్లో ‘హ’ అయింది, కొన్నింట్లో పూర్తిగా పోయింది. ఆ మార్పు మాటమాటకీ ఎలా పాకిందో భద్రిరాజు కృష్ణమూర్తి 1998లో వివరించారు.

ఈసారి సెలవుల్లో మావాణ్ణి అడుగుతా: "ఒకటి నుంచి పది దాకా మీ భాషలో చెప్పరా." ఈసారి నవ్వను, రాసుకుంటా.