గడప వద్ద చెక్కనేల

మెట్‌పల్లి ఇండ్లలో వానకాలమున టేకు తలుపులు బిగిసిపోవుట అందరు నెరిగినదే. చెక్క గాలిలోని తేమను పీల్చి ఉబ్బును, ఎండకు ముడుచుకొనును. 1977లో స్వీడన్ దేశమున రూపొందిన లామినేటు నేలపలకలలోను పైపొర క్రింద ఉన్నది అదిమిన చెక్కపీచే. నాలుక గాడులతో కలిసిన పలకలన్నియు ఒకే చాపవలె కదలును. కనుక గోడల వెంట సుమారు 10 మిల్లీమీటర్ల సందు విడువవలెను.

చిక్కంతయు ద్వారము వద్దనే. పలకను దర్వాజా కాలి ఆకారమునకు కోసి బిగించినచో, శ్రావణమాసపు తేమకు చాప అక్కడ తన్నుకొని పైకి లేచును. నేర్పరియైన వడ్రంగి పలకను గాక, దర్వాజా కాలి అడుగును కోసి, పలకను దాని క్రిందికి జొనిపి, లోపల సందు మిగుల్చును. గడప యున్నచోట రంపమెందుకు? పలకను సందు విడిచి ఆపి, పైన లోహపు పట్టీ కప్పిన చాలును. పట్టీ మరలు క్రింది గచ్చులోనే దిగవలెను; పలకలో దిగినచో చాప కదలలేదు.