“అమ్మా, నేనెక్కడి నుంచి వచ్చాను?”

దంపతులారా!

పంచాయతీలో పదిమందిని నోరు మూయించే మొనగాడు కూడా నాలుగేళ్ళ కూతురు అడిగే ఒక్క ప్రశ్నకు నీళ్ళు నములుతాడు. “నాన్నా, నేనెక్కడి నుంచి వచ్చాను?” అంటుందా పిల్ల. తండ్రి తల్లి వంక చూస్తాడు. తల్లికి పొయ్యి మీద పాలు గుర్తుకొస్తాయి. చివరికి నాయనమ్మ తేల్చేస్తుంది: “నిన్ను తవుడిచ్చి కొన్నామే!”

గండం గడిచిందనుకుంటారు. గడవదు. మరునాడు ఆ పిల్ల గంపెడు తవుడు ఈడ్చుకొచ్చి, “ఇంకో తమ్ముణ్ణి కొందాం పద నాన్నా” అంటుంది. ఇద్దరు చాలనుకుని ఆపరేషన్ చేయించుకున్న తండ్రి ఏం చెబుతాడు? పైగా దొడ్లో గేదె ఈనడం ఆ పిల్ల కళ్ళారా చూసే ఉంటుంది. తవుడు కథ నమ్ముతుందా? నమ్మదు. ఈ సంగతి అమ్మానాన్నల్ని అడిగి లాభం లేదని మాత్రం నేర్చుకుంటుంది.

నవ్వులాట చేటయ్యేదెప్పుడు?

చిన్నప్పుడు తవుడు కథ. కాస్త పెద్దయ్యాక “ఛీ, తప్పు, నోర్ముయ్!” ఆ తర్వాత ఒకనాడు ఆడపిల్ల బట్టల మీద రక్తం చూసి, ఏదో పెద్ద జబ్బు చేసిందని వణికిపోతుంది. మగపిల్లవాడు నిద్రలో వీర్యం పోతే బలమంతా పోయిందని బెంగపడి, గోడ మీద ప్రకటన చూసి దొంగ వైద్యుడికి డబ్బు పోస్తాడు. ఎవరైనా తాకరాని చోట తాకినా, ఇంట్లో తిడతారని నోరు మెదపరు. మన సిగ్గుకు మూల్యం చెల్లించేది పిల్లలే.

ఏ వయసుకు ఏ మాట?

నాలుగైదేళ్ళకు: “అమ్మ కడుపులో గర్భసంచి ఉంటుంది. తొమ్మిది నెలలు అందులో పెరిగావు. తర్వాత ఆస్పత్రిలో పుట్టావు.” ఇంత చాలు. అడిగినదానికే జవాబివ్వండి, పురాణం విప్పకండి. ఒంటిని ఎవరైనా తాకరాని చోట తాకితే వెంటనే ఇంట్లో చెప్పాలనీ, చెబితే తిట్టమనీ ఇప్పుడే చెప్పండి. పిల్లలు ఆపదలో ఉంటే 1098కు ఫోన్ చేయవచ్చు.

ఎనిమిది తొమ్మిదేళ్ళకు: ముట్టు సంగతి ముందుగానే చెప్పండి. గర్భసంచి లోపలి పొర నెలనెలా రక్తంతో పాటు బయటకు వస్తుంది. అది జబ్బు కాదు, మైల కాదు. మగపిల్లలకు కూడా ఈ మాట చెప్పండి. అక్కచెల్లెళ్ళను ఎగతాళి చేయరు. నిద్రలో వీర్యం పోవడం ఎదిగే వయసులో మామూలేననీ, దానివల్ల బలం తగ్గదనీ తండ్రి కొడుకుతో చెప్పాలి.

పన్నెండు దాటాక: తల్లి అండం, తండ్రి వీర్యకణం కలిస్తే గర్భం వస్తుందని దాచకుండా చెప్పండి. ఆడపిల్లకు 18, మగవాడికి 21 ఏళ్ళు నిండేదాకా పెళ్ళి చట్టం ఒప్పదని కూడా చెప్పండి. మీరూ గుర్తుంచుకోండి.

ఆడపిల్ల పుడితే తప్పెవరిది?

ఎవరిదీ కాదు. అండంలో ఎప్పుడూ ఎక్స్ క్రోమోజోమే ఉంటుంది. వీర్యకణంలో ఎక్స్ ఉంటే ఆడపిల్ల, వై ఉంటే మగపిల్లవాడు. ఇది తెలియకనే కోడల్ని ఆడిపోసుకుంటారు. కడుపులోని బిడ్డ ఆడో మగో పరీక్ష చేసి చెప్పడం 1994 చట్టం ప్రకారం నేరం.

ముందు మీరిద్దరూ మాట్లాడుకోండి

“ఇప్పుడే ఇంకో బిడ్డ వద్దు” అని మొగుడితో అనలేని తల్లి కూతురికి ఏం చెప్పగలదు? భార్య ఆరోగ్యం గురించి ఒక్కనాడైనా అడగని తండ్రి కొడుక్కి ఏం నేర్పుతాడు? బిడ్డకూ బిడ్డకూ కనీసం మూడేళ్ళ ఎడం ఉంటే తల్లీ పిల్లలూ కోలుకుంటారు. నిరోధ్, మాత్రలు, కాపర్-టి, ఇంజెక్షన్ ఉన్నాయి. పిల్లలు ఇక చాలనుకుంటే ఆపరేషన్ ఉంది. మగవారి ఆపరేషన్ ఆడవారి ఆపరేషన్ కంటే తేలిక. మగతనం ఏమీ తగ్గదు.

మాటలు దొరక్కపోతే మీ ఊరి ఆశా కార్యకర్తనో, ఏ.ఎన్.ఎం.నో అడగండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఇద్దరూ కలిసి రండి. అడగడానికి సిగ్గుపడకండి. మీరు అడగడం నేర్చుకుంటే మీ పిల్లలు మిమ్మల్ని అడుగుతారు.