కరెంటు పోయినా ఫోన్ మోగాలంటే

నిరుడు ఎండాకాలం చివర, మగ్రిబ్ నమాజు ముగించుకొని ఇంటికి వస్తుండగా కొల్లాపూర్‌లో గాలిదుమారం లేచింది. తీగల మీద కొమ్మలు పడి కరెంటు పోయింది. సోమశిల వద్ద మన కళ్ళ ముందున్న కృష్ణ నీరే శ్రీశైలంలో విద్యుత్తు అవుతుంది గాని, గాలిదుమారానికి ఆ లెక్క పట్టదు. ఆ రాత్రి మా అమ్మీజాన్‌కు ఆయాసం ఎక్కువైంది. 108కు చెప్పుదామని ఇంటి ఫోన్ ఎత్తితే ఉలుకూ పలుకూ లేదు. సెల్‌ఫోన్‌లో సిగ్నల్ లేదు. చివరికి మా విద్యార్థి ఒకడు వానలో మోటారు సైకిల్ మీద ఆసుపత్రికి పరుగెత్తవలసి వచ్చింది.

పాత టెలిఫోన్ ఇలా మోసగించేది కాదు. దానికి కావలసిన 48 వోల్టుల విద్యుత్తు రాగి తీగ వెంట ఎక్స్‌ఛేంజి నుండే వచ్చేది. అక్కడ పెద్ద బ్యాటరీలు ఉండేవి. కనుక ఊరంతా చీకటైనా రిసీవర్ ఎత్తితే డయల్‌టోన్ వినిపించేది. నేటి ఫైబర్ తీగలో నడిచేది విద్యుత్తు కాదు, కాంతి. దానిని మాటగా మార్చే పెట్టె మన గోడకే ఉంటుంది, మన ఇంటి కరెంటుతోనే బ్రతుకుతుంది. కనెక్షన్ మార్చుకున్ననాడు ఈ సంగతి మాకెవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు.

ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నవారు ఆ పెట్టె ప్లగ్గును ఇన్వర్టర్ లైనుకు మార్చుకుంటే చాలు. చాలా ఇళ్ళలో ఫ్యానును కలుపుతారు, దీనిని మరచిపోతారు. ఇన్వర్టర్ లేనివారికి రౌటర్ల కోసమే చిన్న యూపీఎస్‌లు దొరుకుతున్నాయి. కొనేముందు అడాప్టర్ మీది అక్షరాలు చదవాలి. అక్కడ 12 వోల్టులని ఉంటే యూపీఎస్ కూడా 12 వోల్టులే ఇవ్వాలి. ఆంపియర్లు అంతకు తగ్గరాదు. పిన్ను కూడా సరిపోవాలి. 12 వోల్టుల, 7 ఆంపియర్-అవర్ల బ్యాటరీలో కాగితం మీద 84 వాట్-అవర్లు ఉంటాయి. పెట్టె 12 వాట్లు తీసుకుంటే లెక్కకు 7 గంటలు వస్తాయి. బ్యాటరీ పాతబడేకొద్దీ అది తగ్గుతుంది కనుక నాలుగైదు గంటలనే నమ్ముకోవడం మంచిది.

కార్డ్‌లెస్ ఫోన్ ఉన్నవారు మరొకటి గమనించాలి. దాని పీఠానికి కూడా కరెంటు కావాలి. అందుకే మేము అటక మీద పడవేసిన పాత తీగ ఫోన్‌ను దించి, దుమ్ము దులిపి తగిలించాము. ఇన్ని చేసినా, పెట్టె వెలుగుతూ ఎర్రదీపం మినుకుమంటున్నదంటే లోపం సాధారణంగా ఇంటి బయటనే ఉంటుంది. తీగ తెగి ఉండవచ్చు, లేదా ఆవలి పరికరానికి కరెంటు లేకపోవచ్చు. అప్పటికి సెల్‌ఫోనే గతి కనుక, మబ్బు పట్టగానే దానిని నిండుగా ఛార్జ్ చేస్తున్నాము.

నెలకొకసారి మా మనవడు ఇంట్లో మెయిన్ స్విచ్ ఆపుతాడు. మేము మదరసా నుండి ఇంటికి ఫోన్ చేస్తాము. పోయినసారి అమ్మీజాన్ ఎత్తి, సలాముకు జవాబిచ్చి, "ఈ రోజు కూడా పరీక్షేనా? ఫ్యాను తిరగడం లేదు, త్వరగా కానివ్వు" అన్నారు.