శొంఠి కొమ్ము... ఒళ్లు నొప్పికి ఎంతవరకు మందు?

డ్యూటీ ముగించుకుని బస్సు దిగి గదికి చేరేసరికి మనలో చాలామందికి మోకాళ్లు పట్టేస్తాయి, నడుం వంగనని మొరాయిస్తుంది. అప్పుడు ఒకరు తలగడ కింద నుంచి నొప్పి మాత్ర తీస్తారు. ఇంకొకరు ఊళ్లో అమ్మ కట్టి ఇచ్చిన శొంఠి పొట్లం విప్పుతారు. శొంఠి లేని కషాయం లేదని మన పెద్దల సామెత. అందులో నిజమెంతో ఈ వారం చూద్దాం.

ఎండితే మారే గుణం

పచ్చి అల్లంలో దాదాపు 80 శాతం నీరే. ఎండి శొంఠి అయ్యాక తేమ 10 శాతం దగ్గరకు పడిపోతుంది. మిగిలిన దాంట్లో ఎక్కువ భాగం పిండిపదార్థం. వాసన ఇచ్చే తైలం 1 నుంచి 3 శాతం వరకు ఉంటుంది.

అసలు మందు ఘాటులో ఉంది. పచ్చి అల్లానికి ఘాటు ఇచ్చేది జింజెరాల్. అల్లం ఎండేటప్పుడు, వేడి తగిలినప్పుడు, ఇందులో కొంత భాగం షోగాల్ అనే పదార్థంగా మారుతుంది. జపాను భాషలో అల్లాన్ని 'షోగా' అంటారు, ఆ పేరే దీనికి పెట్టారు. దీని ఘాటు జింజెరాల్‌కు రెట్టింపు పైమాటే. శొంఠి కషాయం గొంతులో అంతగా మండేది అందుకే.

వాపు మీద ఎలా పనిచేస్తుంది?

కండరం బెణికినా, కీలు అరిగినా మన ఒంట్లో ప్రోస్టాగ్లాండిన్లు తయారవుతాయి. వాపు, నొప్పి పెరగడానికి అవి ముఖ్య కారణం. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి మాత్రలు వాటి తయారీని అడ్డుకుంటాయి. జింజెరాల్, షోగాల్ కూడా ఆ పనే కొంతవరకు చేస్తాయని ప్రయోగశాలల్లో తేలింది.

మరి మనుషుల్లో? 2010లో అమెరికాలోని జార్జియా యూనివర్సిటీ వారు కొందరికి 11 రోజులపాటు రోజుకు 2 గ్రాముల అల్లం పొడి ఇచ్చి, మధ్యలో చేతులతో బరువు పని చేయించారు. మర్నాడు వారి కండరాల నొప్పి, పొడి తీసుకోని వారికంటే సుమారు 25 శాతం తక్కువగా ఉంది. 2001లో 247 మంది మోకాళ్ల నొప్పుల వారిపై జరిగిన పరీక్షలో అల్లం సారంతో నొప్పి కొంత తగ్గింది. 2000లో డెన్మార్క్‌లో ఐబుప్రొఫెన్‌తో పోల్చినప్పుడు మాత్రం మాత్రదే పైచేయి అయింది.

అంటే శొంఠి పనిచేస్తుంది. కానీ నెమ్మదిగా, కొద్దిగా. ఒక కప్పు తాగగానే నడుం నొప్పి పోతుందని ఆశించకూడదు.

ఎలా తాగాలి?

గ్లాసున్నర నీళ్లలో అర చెంచా శొంఠి పొడి వేసి, గ్లాసు అయ్యేదాకా మరిగించి, చిన్న బెల్లం ముక్క కలుపుకోవాలి. తిన్న తర్వాత రోజుకు రెండుసార్లు చాలు. ఊరి పొట్లం అయిపోతే మలయాళీ కొట్లో 'చుక్కు' అనండి, హిందీ, ఉర్దూ మాట్లాడేవారి దగ్గర 'సోంఠ్' అనండి, ఇస్తారు. అరబ్బులు అల్లాన్ని 'జంజబీల్' అంటారు. పొడి కంటే కొమ్ములు కొనుక్కుని దంచుకుంటే కల్తీ భయం తక్కువ.

ఎవరు జాగ్రత్త పడాలి?

రక్తం పలచబడే మందులు వాడేవారు, పిత్తాశయంలో రాళ్లున్నవారు, ఆపరేషన్‌కు సిద్ధమవుతున్నవారు డాక్టరును అడగకుండా తాగవద్దు. ఛాతీలో మంట వస్తే మానేయండి.

మాత్రల సంగతి ఇంకా ముఖ్యం. ఎండలో చెమట కారి ఒంట్లో నీరు తగ్గినప్పుడు నొప్పి మాత్రలు రోజూ మింగితే కిడ్నీలు దెబ్బతినే ప్రమాదం ఉంది. డాక్టరు రాయకుండా పక్క మంచం వాడిచ్చిన మాత్ర వేసుకోవద్దు.

కీలు ఎర్రగా వాచి జ్వరం వచ్చినా, కాళ్లు తిమ్మిరెక్కి పట్టు తప్పినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా శొంఠితో సరిపెట్టుకోకండి. వెంటనే క్లినిక్‌కు వెళ్లండి. ఒక్క రోజు జీతం పోతుందని నొప్పిని దాచుకుంటే, రేపు పనే చేయలేని స్థితి రావచ్చు. మన ఇళ్లు నడిచేది ఈ ఒంటి మీదే కదా.